నల్లరేగడి మాటున ఆమ్లవర్షము

వాన వచ్చినదా, రాలేదా అని మాత్రమే అడుగుటకు అలవాటుపడిన సీమ యిది. మృగశిర వెళ్లి ఆరుద్ర ప్రవేశించినను మబ్బు నిలువక, ఆదోని మార్కెట్టు యార్డులో గాని ఎమ్మిగనూరు సంతలో గాని ఎదురుపడిన ఇద్దరు రైతులు "పదునయిందా?" అని ఒకరినొకరు విచారించుకొను ఈ పడమటి కర్నూలు పల్లెలలో, పడిన వాన యెట్టిది, దానిలో ఏమి కలిసి దిగివచ్చుచున్నది అని ప్రశ్నించుట, అన్నమే లేనివానిని పప్పులో పులుపు సరిపోయినదా అని అడిగినట్లు తోచవచ్చును. వానను మనము లేమిచేతనో, 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయమును ముంచెత్తినప్పటి వలె అతిశయముచేతనో గుర్తుంచుకొనుచున్నాము గాని, దాని గుణమును గూర్చి తలపోసిన వారము కాము. అయినను ఆ ప్రశ్న నడుగక తప్పదు; ఏలయన, వాన పులుపెక్కుట అను విషయమును పత్రికలు విడిచిపెట్టి చాల యేండ్లయినది గాని, ఆ పులుపునకు మూలమైన పొగ మాత్రము ఈ యేండ్లలోనే మన పొలిమేరల చుట్టును పెరిగినది.

ఒకప్పుడు పర్యావరణమును గూర్చి మాటలాడవలెనన్న, ఆమ్లవర్షముతో మొదలుపెట్టుట పరిపాటి. తాజమహలు చలువరాయి పచ్చబారుచున్నదనియు, మథుర నూనెశుద్ధి కర్మాగారమును, ఆగ్రా ఇనుప పోతపనివారి కొలుములును అందుకు కారణములనియు వాదములు నడిచి, 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు ఆ పరిసరములలో బొగ్గు కాల్చు పరిశ్రమలు సహజవాయువునకు మారవలెను, లేదా తరలిపోవలెను అని ఆజ్ఞాపించు వరకును ఆ మాట జనుల నోట నానుచుండెను. తరువాత ఓజోను పొర వచ్చినది. దాని వెనుక భూతాపము వచ్చినది. ఇప్పుడు శీతకాలము రాగానే ఢిల్లీ పొగమంచు వచ్చుచున్నది. ఒక విపత్తు పక్కకు తొలగి మరియొక విపత్తునకు చోటిచ్చుట పత్రికలకు కొత్త గాదు. కాని ఆమ్లవర్షము విషయమున జరిగినది వేరు. అది పాశ్చాత్య దేశములలో తీరవలసినంత తీరినది గనుక అక్కడ వార్త కాకపోయినది. అక్కడ వార్త కానిది మనకు వార్త యగుట అరుదు గనుక ఇక్కడను కనుమరుగైనది.

తీరిన విధమును కొంచెము చెప్పుట అవసరము. బొగ్గులోని గంధకము కాలి వాయువై, గాలిలోని తేమతో కలిసి గంధకామ్లమగును. కొలిమి వేడికి పుట్టిన నత్రజని వాయువులు నత్రికామ్లమగును. శుద్ధమైన వాననీరు సైతము గాలిలోని బొగ్గుపులుసు వాయువు వలన స్వల్పముగా ఆమ్లగుణము కలిగి, పీహెచ్ కొలమానమున 5.6 ప్రాంతమున నుండును. దానికి దిగువకు జారిన వానను ఆమ్లవర్షమందురు. ఆ కొలమానమున ఒక్క అంకె దిగినచో ఆమ్లము పది రెట్లగును. మాంచెస్టరు నగరపు నూలుమిల్లుల పొగలో ఈ సంగతిని రాబర్ట్ ఆంగస్ స్మిత్ అను రసాయనవేత్త 1852లోనే గమనించి, 1872లో గాలిని వానను గూర్చి ఒక గ్రంథమే రచించెను. దానిని నూరేండ్లు ఎవరును లక్ష్యపెట్టలేదు. స్వీడనుకు చెందిన స్వాంటె ఒడెన్, తన దేశపు సరస్సులలో చేపలు చచ్చుటకు కారణము బ్రిటనునుండియు మధ్య ఐరోపానుండియు గాలిలో కొట్టుకొనివచ్చిన గంధకమని 1960 దశకము చివర చాటి చెప్పిన పిమ్మటనే కలకలము రేగినది. అమెరికాలో హబ్బర్డ్ బ్రూక్ అడవియందు 1963 మొదలు వాననీటిని పట్టి పరీక్షించుచు వచ్చిన జీన్ లైకెన్స్ బృందమునకు పీహెచ్ 4 ప్రాంతపు వానలు కానవచ్చెను. 1979లో జెనీవాయందు దేశాంతరగామియైన వాయుకాలుష్యమును గూర్చి ఒడంబడిక జరిగినది. 1985లో హెల్సింకీ ఒప్పందము గంధకమును నూటికి ముప్పదివంతులు తగ్గింపవలెనని విధించినది. 1990లో అమెరికా తన వాయుశుద్ధి శాసనమును సవరించి విద్యుత్కేంద్రముల గంధకమునకు పరిమితి కట్టినది. ఆ శాసనములు పనిచేసినవి. ఆ దేశపు విద్యుత్కేంద్రములనుండి వెడలు గంధక వాయువు 1990నాటి దానిలో పదవ వంతుకంటెను తక్కువకు పడిపోయినది. అయినను అక్కడి నేల యింకను పూర్తిగా కోలుకొనలేదు. దశాబ్దములపాటు ఆమ్లము కడిగివేసిన సున్నము అడవి మన్నునకు తిరిగి చేరుటకు దశాబ్దములే పట్టును గనుక, వాన బాగుపడినను చెట్లు వెంటనే బాగుపడవు.

అక్కడ తగ్గినది ఇక్కడ పెరిగినది. ఉపగ్రహముల కొలతలనుబట్టి, 2007 తరువాతి పదియేండ్లలో చైనా తన గంధక వాయువును నూటికి డెబ్బదియైదువంతులు తగ్గించుకొనగా, మనది నూటికి ఏబదివంతులు పెరిగి, మన దేశమే ప్రపంచమున కెల్ల అధికముగా గంధకము వెదజల్లు దేశముగా మారుచున్నదని 2017లో మేరీలాండ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దేశపు లెక్క అటుండనిండు. మన చుట్టును చూతము. మంత్రాలయమునకు ఉత్తరమున, కృష్ణ ఒడ్డున శక్తినగరు విద్యుత్కేంద్రము 1985నుండి బొగ్గు కాల్చుచున్నది. ఇప్పుడు దాని సామర్థ్యము 1720 మెగావాట్లు. రాయచూరు ప్రక్కనే యరమరసులో 800 మెగావాట్ల యూనిట్లు రెండు వెలసినవి. ఆదోనికి నైరృతి దిక్కున, బళ్లారి ఆవల కుడితినియందు 1700 మెగావాట్ల కేంద్రము కలదు. ఈ మూడును కలిసి అయిదువేల మెగావాట్లకు పైబడినవి. కుడితినిని దాటినచో తోరణగల్లు ఉక్కు కర్మాగారము; దేశములోని మిక్కిలి పెద్ద ఉక్కు కర్మాగారములలో నది యొకటి. ఇవన్నియు కర్ణాటకములో నున్నవి గనుక మన జిల్లా పత్రికాపుటలలో వానికి చోటు లేదు. గాలికి మాత్రము రాష్ట్రపు సరిహద్దు తెలియదు. జ్యేష్ఠమునుండి భాద్రపదము వరకు మనకు వాన తెచ్చు నైరృతి పవనము తోరణగల్లు మీదుగా ఆదోని వైపునకు వీచును; చలికాలమున ఉత్తరపు గాలి తిరిగినచో శక్తినగరు పొగ తుంగభద్ర తీరమునకు దిగును. గంధక వాయువు గాలిలో ఒకటి రెండు దినములు నిలిచి, ఆమ్లముగానో లవణముగానో మారుటకు ముందు వందల కిలోమీటర్లు పయనింపగలదు. ఇచ్చటి దూరములు నలువది కిలోమీటర్లనుండి ఎనుబది కిలోమీటర్ల వరకే.

ఇంత బొగ్గు కాలుచుండగా మన వాన ఏల పుల్లబడలేదు? పుల్లబడినట్లు కనబడకపోవుటకు కారణము మన దుమ్ము. వేసవిలో ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు దారులలో కన్ను తెరువనీయని ఆ దుమ్ములో సున్నము కలదు. నల్లరేగడి నేలను రెండడుగులు త్రవ్విన తెల్లని సున్నపు కంకర బయటపడుటను ఈ ప్రాంతపు పిల్లవాడు సైతము ఎరుగును. ఆ మన్ను ధూళియై గాలిలో లేచి, మబ్బులోని గంధకామ్లమును విరిచివేయుచున్నది. అందుచేత వాన చుక్క నేల తాకునప్పటికి దాని పులుపు చచ్చియుండును. భారతదేశములో చాలచోట్ల వాననీరు ఆమ్లముగాక, ఒకింత క్షారముగానే యుండుటకు శాస్త్రజ్ఞులు చెప్పు ముఖ్యకారణ మిదియే. అయితే ఆమ్లము పుట్టకపోవుట వేరు, పుట్టిన ఆమ్లమునకు మన నేల తన సున్నమును చెల్లించి ఋణము తీర్చుట వేరు. మొదటిది ఆరోగ్యము. రెండవది ఖర్చు.

దుమ్ము లేనిచోట ఏమగునో చూడగోరువారు విశాఖపట్టణమును చూడవచ్చును. భారత వాతావరణశాఖ దేశమున పదిచోట్ల వాననీటి గుణమును దీర్ఘకాలముగా కొలుచుచున్నది: శ్రీనగరు, జోధపురము, ప్రయాగ, మోహన్‌బారి, నాగపురము, పుణె, విశాఖపట్టణము, కొడైకెనాలు, మినికాయి, పోర్టుబ్లేరు. 1987 మొదలు 2021 వరకు గల ఆ కొలతలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, విశాఖ, ప్రయాగ, మోహన్‌బారిలలో వాన ఆమ్లత్వము వైపు మొగ్గుచు వచ్చినదనియు, జోధపురము, శ్రీనగరు వంటిచోట్ల థారు ఎడారి ధూళి దానిని అడ్డుకొనుచున్నదనియు తేల్చిరి. నూనెశుద్ధి, ఎరువులు, ఓడరేవు, ఉక్కు, బొగ్గు విద్యుత్తు అన్నియు కొండల నడుమ ఇరుకున చేరిన విశాఖలో సముద్రపు గాలి వీచునే గాని సున్నపు ధూళి వీచదు. తెలుగువారి రేవుపట్టణమున వాన పులుపెక్కుట ఈనాటి వాస్తవము. దానిని గూర్చి శాసనసభలో గట్టిగా చర్చ జరిగినట్లు నేనెన్నడును వినలేదు.

ఇక న్యాయముగా ఒప్పుకొనవలసినది ఒప్పుకొందము. ఆదోని నల్లరేగడికి ఈ ఆమ్లము వలన మన జీవితకాలమున పంటనష్టము కలుగునని చెప్పుట అతిశయోక్తి. ఆ నేలల పీహెచ్ 8కి పైబడియుండును. తుంగభద్ర దిగువ కాలువ క్రింద నీరు నిలిచి చౌడు పట్టిన పొలములలో ఇంకను హెచ్చు. అట్టి నేలకు నాలుగు చుక్కల ఆమ్లము పడిన నష్టమేమి అని ఒక వ్యవసాయ మిత్రుడు నాతో వాదించెను. అంతటితో ఆగక, వేరుసెనగకు గంధకము కావలసినదే గదా, ఆకాశమునుండి ఉచితముగా పడుచున్నచో కాదననేల అనియు పరిహసించెను. పరిహాసమున సత్యము లేకపోలేదు. ఇంగ్లండులో ఆకాశమునుండి గంధకము తగ్గిన పిమ్మట అక్కడి ఆవపంటల రైతులు గంధకపు ఎరువు కొని వేయవలసివచ్చెను. కాని ఆ వాదము మూడుచోట్ల కుంటుపడుచున్నది. మొదటిది, ఈ సీమ అంతయు నల్లరేగడి కాదు. ఆదోని కోట నిలిచిన గుండ్ల కొండలును, వాని చుట్టునుండు ఎర్ర గరుసు నేలలును సున్నము తక్కువ గలవి. నార్వే, స్వీడను, అమెరికా ఈశాన్య ప్రాంతపు సరస్సులు మొదట దెబ్బతినుటకు కారణము వాని క్రింద నున్నది ఇట్టి నల్లసేనపురాయి, పలుచని మన్ను అగుటయే. రెండవది, సిద్ది మసూద్ ఖాను ఆదోనిలో కట్టించిన జామియా మసీదు మొదలు ఊరూర నున్న పాత గుడులు, బురుజులు, బావుల వరకు రాయిని రాయితో పట్టియుంచునది సున్నపు గచ్చు. సేనపురాయి ఆమ్లమునకు లొంగకున్నను గచ్చు లొంగును. మూడవదియు ముఖ్యమైనదియు, సున్నపు ధూళితో కలిసి విరిగిపోయిన ఆమ్లము మాయము కాదు. గంధక లవణపు సూక్ష్మకణమై గాలిలో తేలి ఊపిరితిత్తులలోనికి పోవును. నేల కాపాడబడినది నిజము, మనిషి కాపాడబడలేదు.

మరియొక సంగతి. వాన లేని సీమలో ఆమ్లము వానకై వేచియుండదు. ఏడాదిలో ఎక్కువ దినములు పొడిగా నుండు మనవంటి చోట్ల గంధకము వాయురూపమునను, పొడి కణముల రూపమునను ఆకులపై, మట్టిపై, గోడలపై నిశ్శబ్దముగా దిగుచుండును. కావున వానలు తక్కువ గనుక మాకు ఆమ్లవర్షపు బాధ లేదనుకొనుట సరికాదు. వచ్చిన వానలోనైనను, వేసవి వెళ్లిన తరువాతి తొలకరి జల్లు ధూళితో నిండి క్షారముగా నుండును. ముసురు పట్టి మూడు నాలుగు దినములు విడువక కురిసినచో ధూళి కడుగబడిపోయి, తరువాతి వాన మొదటి వానకంటె పుల్లనగును. తొలకరి నీటిని ఒక్కసారి పరీక్షించి మా వాన మంచిదని నిశ్చింతగా నుండువారు ఈ భేదమును గమనింపవలెను.

నాకు మిక్కిలి వింతగా తోచునది ఇది. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వము జాతీయ శుద్ధవాయు కార్యక్రమమును ఆరంభించినది. కర్నూలు నగరము ఆ జాబితాలో నున్నది. ఆ నిధులలో అధికభాగము రోడ్ల దుమ్ము నణచుటకు వెచ్చింపబడుచున్నది: ఊడ్చు యంత్రములు, నీళ్లు చల్లు బండ్లు, సిమెంటు దారులు. దుమ్ము తగ్గుట మంచిదే. దానిని పీల్చిన వాడెవడును కాదనడు. కాని గంధకమును విడిచిపెట్టి దుమ్మును మాత్రము తుడిచినచో, ఆమ్లమును విరుచునది పోయి ఆమ్లము మిగులును. ఇది ఊహ కాదు. ఐరోపా, అమెరికాలలో పొగగొట్టముల బూడిదను ముందు పట్టి, వాయువును వెనుకకు విడిచిపెట్టిన కాలమున, బూడిదతోపాటు గాలిలోని క్షారధాతువులును తగ్గి వాన పులుపు విరుగుట మందగించినదని లైకెన్స్ బృందమువారే 1990 దశకమున ఎత్తిచూపిరి. ఆ దేశములవారు తెలియక చేసిరి. మనము తెలిసి చేయబోవుచున్నాము.

తెలిసి యనుటకు కారణము కలదు. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణశాఖ బొగ్గు విద్యుత్కేంద్రములకు మొట్టమొదటిసారి గంధక వాయు పరిమితి విధించి, రెండేండ్ల గడువిచ్చినది. ఆ గడువు 2017లో తీరలేదు, 2022 అయినది, తరువాత కేంద్రములను మూడు తరగతులుగా విభజించి మరియొక గడువు, దానిపై ఇంకొకటి, 2024 డిసెంబరు చివర మరల మూడేండ్ల పొడిగింపు. చివరకు 2025 జూలై 11న వెలువడిన ప్రకటన ఆ తంతునకు ముగింపు పలికినది: ఢిల్లీ పరిసరములకు గాని పదిలక్షల జనాభా గల నగరములకు గాని పది కిలోమీటర్ల లోపున్న కేంద్రములు 2027 చివరకు గంధకమును అరికట్టు యంత్రములు పెట్టుకొనవలెను, కాలుష్యపీడితములని గుర్తింపబడిన చోట్ల నున్నవానిని ఒక్కొక్కదానినే విచారించి నిర్ణయింతురు, మిగిలినవానికి, అనగా దేశములోని యూనిట్లలో ముప్పాతికకు మించినవానికి, పొగగొట్టము తగినంత ఎత్తున్నచో ఆ పరిమితియే లేదు. ఊరివాడు పీల్చు గాలి పట్నవాసి పీల్చు గాలికంటె చవుక యని శాసనము స్పష్టముగా అనలేదు గాని, దాని తాత్పర్యమంతకంటె వేరుగా నాకు తోచుట లేదు.

ప్రభుత్వపు వాదమును వినకుండ త్రోసివేయుట తగదు. మన బొగ్గులో గంధకము నూటికి అరవంతు ప్రాంతముననే యున్నదనియు, ఊళ్లలో కొలిచిన గంధక వాయువు అనుమతించిన పరిమితికి లోబడియే యున్నదనియు, యంత్రములకు ధనమును నీరును విశేషముగా కావలెననియు వారు చెప్పుచున్నారు. ఇవి అసత్యములు కావు. కాని గంధకము తక్కువైనను మన బొగ్గు నాసిరకము గనుక అదే విద్యుత్తునకు ఎక్కువ బొగ్గు కాల్చవలెను. ఊరిలో వాయువు తక్కువగా కొలువబడుటకు కారణము అది ఎత్తైన గొట్టముగుండ దూరముగా పోయి, రూపము మార్చుకొని, వేరొక ఊరిలో సూక్ష్మకణముగా దిగుటయే. 500 మెగావాట్లును అంతకు మించియు గల యూనిట్లకు 275 మీటర్ల గొట్టము, 200 మెగావాట్లనుండి 500 లోపు వానికి 220 మీటర్ల గొట్టము ఉండవలెనని మన పాత నియమము. అది తన ఊరిని కాపాడి పొరుగూరికి పంపు ఉపాయము. బ్రిటను తన గొట్టముల నెత్తు చేసినప్పుడు నార్వే చేపలు చచ్చినవి. కెనడాలోని సడ్బరీయందు 1972లో 381 మీటర్ల గొట్టము నిలువబెట్టగా ఊరి చుట్టును పచ్చదనము వచ్చినదే గాని గంధకము వెంటనే తగ్గలేదు. దూరముగా పోయినది, అంతే. ఏబదియేండ్ల క్రిందట పనికిరాదని తేలిన ఉపాయమును మనము నేడు మినహాయింపునకు అర్హతగా వ్రాసికొన్నాము.

గంధకమును అరికట్టు ఆ యంత్రము చేయు పని యేమో మన రైతులకు తెలిసినచో ఈ విషయము మరియొక తీరున నడిచెడిదేమో. పొగను సున్నపురాతి పొడి కలిపిన నీటిగుండ పంపుదురు. గంధకము సున్నముతో కలిసి జిప్సమగును. సున్నపురాయి ఎక్కడినుండియో తేవలసిన పని లేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములలో సిమెంటు కర్మాగారములకు తరతరములకు సరిపోవునంత కలదు. జిప్సము ఎవరికి కావలెను? ఊడలు దిగువేళ ఎకరమునకు రెండువందల కిలోల చొప్పున వేరుసెనగకు వేయుమని వ్యవసాయశాఖ చెప్పునది జిప్సమే. చౌడు భూమిని బాగుచేయుటకు కావలసినదియు జిప్సమే. సిమెంటులో కలుపవలసినదియు అదియే. మా మిత్రుడు కోరిన గంధకము వేరుసెనగ మొదటికి ఈ దారిన రావచ్చును, ఎవని రొమ్మునను దూరకుండ. ఇట్టిది లోకమున లోగడ జరిగినదే. ఇంగ్లండులో 1863 నాటి క్షారకర్మాగార శాసనము ఉదజహరికామ్లపు పొగను విడువరాదని సోడా తయారీదారులను నిర్బంధింపగా, మొదట గగ్గోలుపెట్టిన ఆ యజమానులే, పట్టిన ఆమ్లముతో బట్టలను తెలుపుచేయు బ్లీచింగు పొడి చేసి అమ్ముకొనిరి. ఆ శాసనపు మొదటి తనిఖీదారు, మాంచెస్టరు వానను కొలిచిన ఆంగస్ స్మిత్తే. ఎమ్మిగనూరు నేతగాండ్రకు నూలు తెలుపుచేయుట ఎట్టి పనియో తెలుసును గనుక ఈ కథ వారికి నచ్చవలెను. నీటి ఖర్చు నిజమైన అడ్డంకియే. కృష్ణా తుంగభద్రల మధ్య నుండియు నీటికి కటకటలాడు సీమలో దానిని తేలికగా తీసివేయరాదు. అయినను అది యే తరహా యంత్రము పెట్టవలెనను చర్చకు కారణము కావలెను గాని, ఏదియు పెట్టకుండుటకు సాకు కారాదు.

అన్నిటికంటె ముందు కావలసినది కొలత. వాతావరణశాఖవారి పది కేంద్రములలో రాయలసీమకు ఒక్కటియు లేదు. కావున మన వాన గుణమును గూర్చి మన వాదోపవాదములన్నియు ఊహపై నడుచుచున్నవి. ఎమ్మిగనూరు సమీపమున బనవాసి కృషివిజ్ఞాన కేంద్రము కలదు, నంద్యాలలో శతాబ్దపు వయస్సు గల వ్యవసాయ పరిశోధనస్థానము కలదు, ఆదోనిలో రసాయనశాస్త్రము బోధించు కళాశాలలు కలవు. వాన కురియునప్పుడు మాత్రమే మూత తెరచుకొను పాత్రయొకటి, పీహెచ్ కొలుచు పరికరమొకటి, లెక్క వ్రాయు పుస్తకమొకటి ఉన్నచో పని మొదలగును. శుద్ధవాయు నిధులలో దుమ్మునకు పోవుదానిలో అణువంత ఇందుకు చాలును. రెండు రాష్ట్రముల కాలుష్య నియంత్రణ మండలులు రాయచూరు, బళ్లారి, కర్నూలు జిల్లాలకు కలిపి ఒక్క లెక్కగా ఈ కొలతలను ప్రతి సంవత్సరము ప్రకటింపవలెను. 1998లో మాలేయందు దక్షిణాసియా దేశములతో కలిసి, సరిహద్దులు దాటు వాయుకాలుష్యమును అరికట్టుదుమని సంతకము చేసిన దేశము మనది. రెండు రాష్ట్రముల నడుమ ఆ మాటను చెల్లించుట అంత దుష్కరము కాదు. జూలై 11 ప్రకటనను కేంద్రము తిరిగి విచారించి, శక్తినగరు, యరమరసు, కుడితిని వంటి కేంద్రముల గంధకమునకును పరిమితి విధింపవలెనని మన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు కోరవలెను. వారు కోరునట్లు ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయము ఓటర్లు వారిని అడుగవలెను.